బావ నోటికి కలిపిన తెల్ల వైన్

తార్గోన్,
24 జనవరి 1971, ఆదివారం

ప్రియమైన సొలాంజ్ అక్కకు,

నిన్న జరిగినదంతా జరిగిన వరుసలోనే రాస్తున్నాను. బావకు చదివి వినిపించగలవు.

1. బోర్దో బస్సులో నీ బుట్ట క్షేమంగా చేరింది. పైన కప్పిన నాచు ఇంకా తడిగానే ఉంది. ఒక్క ఆల్చిప్ప కూడా నోరు తెరవలేదు.

2. బుట్టను వైన్ కొట్టులో ఉత్తరపు గోడ పక్కన ఉంచి, మధ్యాహ్నం వరకూ ముట్టుకోలేదు. ప్రయాణం చేసి వచ్చిన చిప్పను కాసేపు పడుకోనివ్వాలని బావ అంటాడు కదా.

3. మూడు తొట్లలోంచి మూడు వైన్లను విడివిడిగా తీశాను: సోవిన్యోన్, సెమియాన్, మ్యుస్కాదెల్. ఈ ఏడు సోవిన్యోన్ ద్రాక్ష పులుపు నిక్కచ్చిగా ఉంది. సెమియాన్ బాగా పండి, నాలుక మీద నూనెలా పరుచుకుంటోంది. మ్యుస్కాదెల్ సంగతి తెలిసిందే. పూలవాసన తప్ప దానికి వేరే పని చేతకాదు.

4. పంది కైమా ఉండలను ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చాను. రై రొట్టె, ఉప్పు వెన్న పెట్టుకున్నాను. నిమ్మకాయ పెట్టుకోలేదు. చిప్ప మీద నిమ్మకాయ పిండేవాడికి వైన్ గురించి మాట్లాడే హక్కు లేదని బావ శాసనం.

5. ఎదురుగా బావకొక కుర్చీ వేశాను. అనవసరమే, అయినా వేశాను.

6. మొదట పోయిన ఏటి పాళ్ళలోనే కలిపి రుచి చూశాను. చల్లటి చిప్ప, వేడి కైమా, ఒక గుక్క. కుదరలేదు. వైన్ పలచగా, కసిరినట్టుగా తోచింది.

7. నోరు కడుక్కొని మళ్ళీ చూశాను. తప్పు వైన్‌లో లేదు. ఆల్చిప్పలే మారాయి. లావుగా, తియ్యగా ఉన్నాయి. చివర బాదంపప్పు నమిలినట్టుంది.

8. అందుచేత సెమియాన్ పెంచుతూ పోయాను. పదింట ఆరు వంతులు సెమియాన్, మూడు సోవిన్యోన్, ఒకటి మ్యుస్కాదెల్ అయ్యేసరికి చిప్ప, కైమా, వైన్ మూడూ ఒకే మాట మీదికి వచ్చాయి.

9. చీకటి పడకముందే తొట్లు కలిపేశాను.

ప్రతి జనవరిలో మూడు సీసాలు సంచిలో పెట్టుకొని మీ రేవుకు వచ్చేవాణ్ణి. బావ తన చెక్కగదిలో చిప్పలు విప్పేవాడు. నేను పాళ్ళు మార్చి మార్చి పోసేవాణ్ణి. ఎప్పటికో ఆయన “ఇదీ!” అని కత్తి పిడితో బల్ల మీద కొట్టేవాడు. ఆ దెబ్బ వినబడ్డాకే నేను ఇంటికి వచ్చి తొట్లు కలిపేది. నవంబరులో పడవ మీదే గుండె పట్టుకొని కూలిన మనిషిని ఈ చలిలో లేపకూడదని, ఈసారి నన్ను రావద్దని, బుట్ట పంపుతానని నువ్వు రాశావు. సరేనన్నాను. కానీ ఆ దెబ్బ వినకుండా తొట్టి కలపడం నాకిదే మొదటిసారి. కలిపిన వైన్‌ను మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు కదా.

కొత్త వైన్ ఆరు సీసాలు రేపటి బస్సులో వేస్తున్నాను. ఇలాంటి చిప్పలను ఆయన ఎన్నడూ పెంచలేదని బావతో చెప్పు. యజమాని మంచమెక్కిన ఏడాదే చిప్పల మడులు ఇంత గొప్పగా పండాయంటే, ఇన్నాళ్ళూ వాటిని పాడుచేస్తున్నది ఆయనేనేమోనని నేనన్నానని కూడా చెప్పు. నవ్వుతాడు.

మధ్యాహ్నం రెండు గంటల పదిహేను నిమిషాలు.
నీ తమ్ముడు,
ఎమిలియన్ కాస్తేరా


గుజాన్ రేవు,
30 జనవరి

ఒరేయ్ ఎమిలియన్,

ఇది చదివాక పొయ్యిలో పడెయ్. చిత్తుకాగితం కూడా దాచుకునే గుణం నీది, అందుకే ముందే చెబుతున్నా.

నువ్వు తిన్నవి మావి కావురా.

మావి చచ్చిపోయాయి. డిసెంబరు మొదట్లో దూరపు మడి పోయింది, క్రిస్మస్‌కల్లా దగ్గరివీ పోయాయి. పక్కింటి రెజీస్ పడవలో వెళ్ళి నా కళ్ళతో చూశా. తోడిన ప్రతి చిప్పా నోరు తెరుచుకుని ఉంది, లోపల బురద. మావొక్కటే కాదు, ఈ సముద్రపు పాయలో ఎవరికీ మిగల్లేదు. ఏం రోగమో ఎవరికీ తెలీదు. పెద్ద పెద్ద కోట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు.

మీ ఒక్తావ్ బావకి చెప్పలేదు. “ఈ గుండెకి ఇంకో దెబ్బ తగిలితే నా చేతిలో ఏం లేదమ్మా” అన్నాడు డాక్టరు. ఈయనేమో మంచం మీద నుంచే వేసవిలో పెంకులకి సున్నం పూయడం గురించి ప్లాన్లు వేస్తాడు. పిల్లచిప్పలు వచ్చి అంటుకునే ఆ పెంకులు ఉన్నాయనే లేచి కూర్చుంటున్నాడు. అవి లేవంటే ఇంకెందుకు లేస్తాడు?

నీకూ చెప్పలేదు. నీకు అబద్ధం రాదు. చిన్నప్పుడు అమ్మ జామ్ సీసా నేను పగలగొడితే, ఎవరూ అడక్కుండానే వెళ్ళి ఎన్ని ముక్కలైందో కూడా చెప్పొచ్చినవాడివి. అందుకని ఉత్తరతీరం సరుకు తెచ్చే బేరగాడి దగ్గర కొని, మా బుట్టలో పోసి, మా నాచు కప్పి పంపా. జాతి ఒకటే కాబట్టి చూడ్డానికి తేడా తెలీదు. కాకపోతే వాటిని చెరువుల్లో పెట్టి మేపుతారు, ఆ కండా ఆ తీపీ అందుకే. నువ్వు పండగలా తినేసి వైన్ మాత్రం పోయినేడులాగే కలిపేస్తావనుకున్నా. తొట్టి మొత్తం వాటికోసం మార్చేస్తావని నాకేం తెలుసురా!

నీ ఉత్తరం కంటే సీసాలే ముందొచ్చాయి. “తే, తే” అని ఈయన ఒకటే గోల. చిన్న గ్లాసులో పోశా. పచ్చి చిప్పలు డాక్టరు వద్దన్నాడు కాబట్టి కైమా ఉండ ఒకటి కాల్చి పెట్టా. ఓ గుక్క తాగాడు. గ్లాసు కిటికీ వైపు ఎత్తి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. “బాగుందని ఎమిలియన్‌కి చెప్పు” అన్నాడు. మంచం పట్టె మీదైనా ఓ దెబ్బ వేస్తాడేమోనని చూశా. వెయ్యలేదు. నీరసం.

నీ ఉత్తరం చదివి వినిపించా. చివరి ముక్కకి నువ్వన్నట్టే నవ్వాడు. గండం గడిచిందిరా. ఇక నీ నోరు నువ్వు కాపాడుకో.

సొలాంజ్


తార్గోన్,
4 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

నీ ఆజ్ఞ ప్రకారం ఉత్తరాన్ని కాల్చివేశాను. కాల్చేముందు రెండుసార్లు చదివాను.

నాకు నలభై ఆరేళ్ళు. నువ్వింకా నన్ను జామ్ సీసా పక్కనే నిలబెడుతున్నావు. బడి మానేశాక, ఎవరూ నేర్పకుండా, దొరికిన పాత పుస్తకాలు చదివి నా నాలుకను నేనే దిద్దుకున్నాను. ఆ నాలుక నిజమే చెప్పింది: చిప్పలు మారాయని చెప్పింది. ఎందుకు మారాయని నేను అడగలేదు, పంపింది నువ్వు కాబట్టి. ఒక ఏడాది పంటను తీసుకువెళ్ళి ముఖం తెలియని ఆల్చిప్పకు ఇచ్చి పెళ్ళి చేశాను. ఇక విడాకులు లేవు.

ఈ మాట ఇంతటితో వదిలేస్తున్నాను. మీ కష్టం ముందు ఇది పెద్దది కాదని నాకు తెలుసు. మడులు పోయాయన్న వాక్యం దగ్గర కాగితం చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.

అబద్ధం చెప్పక తప్పనప్పుడు సక్రమంగా చెప్పాలి. దయచేసి ఈ వివరాలు పంపు:

(అ) ఏ మడి ఎలా ఉన్నట్టు బావకు చెబుతున్నావు?
(ఆ) చిప్పలు ఎంతెంత ఉన్నట్టు చెబుతున్నావు?
(ఇ) సముద్రపు పాయ అంతా కుళ్ళితే రేవులో వాసన రాకుండా ఉండదు. దానికేం కారణం చెప్పావు?
(ఈ) రెజీస్ నోటికి ఎవరు కాపలా?

ఒక్క విషయం నాకు అర్థం కాలేదు. బావ నా వైన్‌ను “బాగుంది” అనడం నేనెరుగను. “ఇదీ!” అంటాడు, లేదా “పారబొయ్యి” అంటాడు. ఈ రెండింటి మధ్య ఆయన దగ్గర వేరే మాట ఉండేది కాదు. నువ్వన్నట్టు నీరసమే కావచ్చు.

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు.
ఎమిలియన్ కాస్తేరా


గుజాన్ రేవు,
12 ఫిబ్రవరి

అలిగిన తమ్ముడికి,

విడాకులట! పెళ్ళే చేసుకోని ముసలి బ్రహ్మచారివి, నీకెందుకురా ఆ మాటలు. సర్లే, తప్పు నాదే. ముక్కు చీదుకుని ఇది చదువు.

దగ్గరి మడి బావుంది, దూరపు మడి ఇంకా బావుంది. చిప్ప నా అరచేతికి నిండుతోంది. వాసన నాచుది, ఈ ఏడు ఒడ్డుకి నాచు తెగ కొట్టుకొచ్చింది. కిటికీ తెరవను, చలి అంటా. రెజీస్‌ని గుమ్మం దాటనివ్వను, జలుబు అంటిస్తాడని. ఊళ్ళో అందరి జలుబులూ నా మెడకే చుట్టుకున్నాయి.

రోజూ సాయంత్రం మడికి వెళ్ళొచ్చినట్టు రేవులో కుళాయి కింద బూట్లు తడుపుకుని ఇంట్లోకొస్తా. అడుగు పెట్టీపెట్టగానే “ఇవాళ ఆటుకి నీళ్ళు ఎంతదూరం పోయాయి?” అంటాడు. చెబుతా. మొదట్లో రెండు ముక్కలు చెప్పి వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఇప్పుడు కూర్చుంటున్నా. నిన్నయితే ఓ పీత మన మడి గుంజ కిందే కాపురం పెట్టిందని, నేనెళ్తే డెక్కలెత్తి వెళ్ళగొడుతోందని చెప్పా. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పీత నాకే తెలీదు. “దానికి అద్దె కట్టావా?” అన్నాడు. ఎంత నవ్వాడో! నవ్వుతుంటే గుండెకేమవుతుందోనని భయం, నవ్వకపోతే ఇంకా భయం.

రేవులో మీటింగు జరిగింది. జపాను నుంచి చిప్పలు విమానంలో తెస్తారట, మన మడుల్లో వేస్తారట. వాటికి ఈ రోగం అంటదట. రెజీస్ పేరు రాయించుకున్నాడు. నన్నూ అడిగారు. ఒక్తావ్ నాన్న నాటిన గుంజల మధ్య ఎవరివో చిప్పలు ఆయనకి తెలీకుండా ఎలా పోస్తాను? ఆలోచిస్తానని వచ్చేశా.

నీ వైన్‌కి ఈయన దగ్గర తెగ గౌరవంరా! కోడిని మీగడేసి వండించాడు, “దీనికీ వైన్ అతుకుతుంది” అన్నాడు. మేక చీజ్‌తో తాగాడు, దానికీ అతుకుతుందన్నాడు. “ఏప్రిల్‌లో తెల్ల ఆస్పరాగస్ కాడలు వస్తే వెన్నలో వేయించు. అలోజ్ చేపలు నదికి ఎదురెక్కుతున్నాయంటే మీ తమ్ముణ్ణి ఒకటి పట్టుకు రమ్మను, అది దీనికి సొంత చెల్లెలు” అన్నాడు. ఇంతా చెప్పి, మార్చి పెద్ద ఆటుకి మన దూరపు మడిలోంచి ఓ డజను పచ్చివి తెచ్చిపెట్టమన్నాడు. నా చేతిలో గరిటె జారి కింద పడింది. డాక్టరు చేత మళ్ళీ వద్దనిపించాలి.

సొలాంజ్


తార్గోన్,
18 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

వివరాలు అందాయి. కంఠతా పట్టాను. పీతను కూడా.

బావ చెప్పిన పట్టికను వేరే కాగితం మీదికి ఎక్కించుకున్నాను: మీగడ కోడి, మేక చీజ్, వెన్నలో ఆస్పరాగస్, అలోజ్. నాలుగూ సరైనవే. నేనూ కోడితో పరీక్షించాను. ఈ వైన్‌కు ఇంతకంటే మంచి పట్టిక ఏ వంటవాడూ రాయలేడు.

అందులో ఆల్చిప్ప లేదు. నువ్వు రాయడం మరిచావా, ఆయన చెప్పడం మరిచాడా?

వదిలెయ్యి. పట్టికల పిచ్చి ఉన్నవాడికి ఇలాంటివే కనబడతాయి. మార్చి 14 ఆదివారం వస్తాను. అలోజ్ తెస్తాను.

సాయంత్రం ఐదు గంటలు.
ఎమిలియన్ కాస్తేరా


తార్గోన్,
15 మార్చి

ప్రియమైన అక్కకు,

క్షేమంగా ఇల్లు చేరాను. చేప బాగా కుదిరింది. దాని ముళ్ళు ఒక్కొక్కటీ ఏరి నువ్వు బావ కంచంలో పెట్టడం చూస్తూ నేను సరిగా తినలేకపోయాను. వంటలో లోపమని అనుకోవద్దు.

ఇతర విశేషాలు లేవు.

రాత్రి ఎనిమిది గంటలు.
ఎమిలియన్ కాస్తేరా


గుజాన్ రేవు,
22 మార్చి

ఎమిలియన్,

ఏం చెప్పావురా ఆయనకి?

నేను మీ ఇద్దరినీ వదిలి వెళ్ళింది ఒక్కసారే. మాంసం కొట్టువాళ్ళ పెరట్లో ఆస్పరాగస్ తొలి కాడలు లేచాయంటే అడిగి తెద్దామని పోయా. వచ్చేసరికి నువ్వు కిటికీ దగ్గర నిలబడి ఉన్నావు, నా వైపు తిరగలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ఆ రోజు నుంచీ మనిషి మారిపోయాడు. పెద్ద ఆటు వచ్చి వెళ్ళింది, డజను చిప్పల మాటే ఎత్తలేదు. పెంకుల సంగతి ఎత్తడం లేదు. నేను మడుల గురించి చెబుతుంటే నా చెయ్యి పట్టుకుంటున్నాడు. ఆయన! పెళ్ళినాడు చర్చి మెట్లు దిగేటప్పుడు కూడా నా చెయ్యి పట్టుకోని మనిషి! నిన్న చెబుతూ చెబుతూ ఆగిపోయా. “ఆగావేం, చెప్పు” అన్నాడు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. అది జాలిరా. తెలిసినవాడి జాలి.

అడగలేను. అడిగితే నేనే చెప్పినట్టవుతుంది. తెలియదేమో, జబ్బు వల్ల మెత్తబడ్డాడేమో అని సర్దుకుంటా. తెల్లారి లేచి చూస్తే మళ్ళీ అదే చూపు. కాళ్ళు వాస్తున్నాయి. డాక్టరు రెండ్రోజులకోసారి వస్తున్నాడు.

ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టి మరీ చెప్పేసొచ్చావు కదూ? ఆ ఒక్క ఆదివారం నోరు కట్టుకోలేకపోయావా? నేను మూడు నెలలు కట్టుకున్నా.

ఇక రావద్దు.

సొలాంజ్


తార్గోన్,
26 మార్చి

ప్రియమైన అక్కకు,

నేను బావకు ఏమీ చెప్పలేదు. ఇది నిజం. దీనికి మించి రాయలేను.

నువ్వు నమ్మకపోయినా, సాయంత్రాలు ఆపవద్దు. ఆయన అడిగినంతసేపూ చెప్పు. నన్నేమన్నా పడతాను, ఇది మాత్రం చెయ్యి.

ఉదయం ఆరున్నర.
ఎమిలియన్ కాస్తేరా


గుజాన్ రేవు,
20 ఏప్రిల్

ఎమిలియన్,

నువ్వు వచ్చావు. చర్చిలో వెనకాల స్తంభం పక్కన నిలబడ్డావు. చూశా. తల ఎత్తలేకపోయా.

ఈస్టర్ తర్వాత బుధవారం పోయాడు. సాయంత్రమే. కుళాయి దగ్గర బూట్లు తడుపుకుని వచ్చా. అప్పటికే ఊపిరి బరువుగా తీస్తున్నాడు. అయినా అడిగాడు, నీళ్ళు ఎంతదూరం పోయాయని. “చాలా దూరం పోయాయి, దూరపు మడి మొత్తం బయటపడింది, చిప్పలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, అడుగు పెట్టడానికి చోటు లేదు” అన్నా. “మంచిది” అన్నాడు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు.

ఆయన చివరిగా విన్నది అబద్ధం. చెప్పింది నేను.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి నీ వైన్ పోశారు, చల్లటి కోడిమాంసంతో. అందరూ మెచ్చుకున్నారు. నేను వంటింట్లోకి పోయి కూర్చున్నా. ఈ రేవులో చనిపోయిన మనిషి ఇంట ఆల్చిప్పలు లేకుండా బల్ల వెయ్యడం ఎప్పుడైనా చూశావా? ఎవరూ ఏమీ అనలేదు. ఎవరింట్లో ఉన్నాయి గనక!

రాత్రింబవళ్ళు ఒకటే ప్రశ్న తిరుగుతోంది. నువ్వు చెప్పి ఉంటే, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నేను మంచం పక్కన కూర్చుని కళ్ళలోకి చూస్తూ అబద్ధాలాడుతున్నానని తెలిసే పోయాడు. నువ్వు చెప్పకపోయి ఉంటే, ఆయన్ని చిన్నపిల్లాణ్ణి చేసి, లేని చిప్పలు చూపించి, వెర్రివాడిలా సాగనంపా. ఈ రెంటిలో ఏది తక్కువ పాపమో నాకు తెలీడం లేదురా.

నీకు అబద్ధం రాదు. అందుకే అడుగుతున్నా. ఆ ఆదివారం ఏం జరిగింది?

సొలాంజ్


తార్గోన్,
24 ఏప్రిల్, శనివారం

ప్రియమైన అక్కకు,

బావకు మాట ఇచ్చాను కాబట్టి ఇన్నాళ్ళూ రాయలేదు. “నేను బతికున్నన్నాళ్ళూ నోరు విప్పకు. పోయాక ఎలాగూ నువ్వు ఆగవు” అన్నాడు. ఇప్పుడు రాయవచ్చు. ఈసారి అంకెలు వేయడం లేదు. వేయబోతే చేతికి రావడం లేదు.

నువ్వు వీధి తలుపు వేసిన చప్పుడు కాగానే బావ కళ్ళు తెరిచాడు.

“ఏమయ్యా బావమరిదీ, ఎవరి చిప్పలవి?” అన్నాడు.

నేను నేల వైపు చూశాను.

“ఉత్తరాదివి కదూ? చెరువులో బలిసినవి. మొదటి గుక్కకే దొరికిపోయాయి. మా చిప్ప ఉప్పు ముద్ద, కసురుకునే రకం. దాని పక్కన ఇంత సెమియాన్ నువ్వు చచ్చినా పొయ్యవు. నీ వైన్ తాగుతుంటే అది ఎవరి కోసం ఎదురుచూస్తోందో తెలిసిపోయింది. మా వాటి కోసం కాదు. ఆవిడ కొని పంపిందంటే మావి లేవన్నమాటే కదా!”

“అక్కకు పాపం...” అన్నాను.

“నాచు వాసనట! పుట్టినప్పటి నుంచీ ఈ బురదలో పొర్లినవాణ్ణి, నాకు నాచు వాసన తెలీదా? ముందే వచ్చింది వాసన. అయినా ఏదో మూల ఆశ ఉండేది, ఒక్క మడైనా మిగిలిందేమోనని. నీ సీసా వచ్చి దాన్ని కూడా తుడిచేసింది. నిన్ను అనడం లేదులే. నువ్వు సరిగ్గానే కలిపావు, నీ తప్పేం లేదు.”

అక్కా, నా వైన్‌ను బావ ఎన్నోసార్లు పారబొయ్యమన్నాడు. ఏనాడూ నాకు ఇంత బాధ కలగలేదు.

తెలిసి కూడా నీకెందుకు చెప్పలేదని అడిగాను. నీ మీద కోపమా అని అడిగాను.

“కోపమా?” అన్నాడు. “చెప్తే ఆపేస్తుంది కదయ్యా! ముప్పై ఏళ్ళు పక్కపక్కనే పనిచేశాం. కత్తి ఇయ్యి, బుట్ట పట్టు, వానొచ్చేట్టుంది. ఇవే మా మాటలు. చెయ్యడానికి పనుండేది, మాట్లాడ్డానికి ఏముంది? ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతోంది. ఆవిడ చెప్పే చిప్పలు నేను ఎన్నడూ పెంచలేదు, మా నాన్నా పెంచలేదు. ఆ పీత సంగతి విన్నావా? అబ్బ! పొద్దుట్నుంచీ ఆ వేళ కోసమే చూస్తుంటా. చచ్చిపోయిన వాటి కోసం ఏడవడానికి నాకు పగలంతా ఉంది. సాయంత్రం మాత్రం పాడుచెయ్యకు.”

డజను చిప్పలు అడిగింది కూడా నీకు అనుమానం రాకూడదనేనట. “బాగైపోతున్నవాడు అడగాలి కదా మరి! అడిగితే పాపం గరిటె జారవిడిచింది. ఇక అడగను” అన్నాడు.

నీ ప్రశ్నకు ఇదే నా జవాబు. ఆయనకు తెలుసు. జనవరిలో నువ్వు పోసిన మొదటి గ్లాసు నుంచీ తెలుసు. నీ ప్రతి మాటా అబద్ధమని తెలిసే, మర్నాడు మళ్ళీ అడిగాడు. నువ్వు ఆయన్ని వెర్రివాణ్ణి చేయలేదు. ఆయన నిన్ను అబద్ధాలకోరు అనుకోలేదు. అయితే ఇందులో నీకు ఊరట ఉందని నేను అనలేను. మడుల కోసం ఆయన ఒక్కడే ఏడ్చాడు. నువ్వు రేవులో ఒక్కదానివే ఏడ్చావు. మధ్యన ఉన్నది ఒక చెక్కగోడ. ఇద్దరి సంగతీ తెలిసి నేను ఇక్కడ తొట్లు కడుక్కుంటూ కూర్చున్నాను. మీ ఇద్దరూ కలిసి ఏడవడానికి మీకు నెల రోజులు మిగిలే ఉన్నాయని అప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే మాట తప్పేవాణ్ణేమో. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పలేరు.

ఆ రోజు నేను కిటికీ వైపు తిరిగి ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

గుల్లలు పరిచిన బాట మీద నీ బూట్ల చప్పుడు ముందు ఆయనకే వినబడింది. దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. “నా తలగడ ఎత్తు, తొందరగా” అన్నాడు. ఎత్తాను. నువ్వు ఆస్పరాగస్ కాడలు ఒడిలో పెట్టుకొని లోపలికి వచ్చావు. నీళ్ళు ఎంతదూరం పోయాయని ఆయన అడిగాడు. నువ్వు నిలబడే చెప్పడం మొదలుపెట్టావు. నేనున్నాననేమో, మధ్యలో తడబడ్డావు. దూరపు మడి చివర, పైన్ గుంజల దగ్గర, అని ఆగిపోయావు. తర్వాత ఏం చెప్పాలో నీకు తోచలేదు. నేను కిటికీ అద్దంలో చూస్తున్నాను.

“అక్కడ ఇంకా లావుగా ఉండాలే” అన్నాడు బావ.

“అవును, అక్కడ ఇంకా లావుగా ఉన్నాయి” అన్నావు నువ్వు.

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.
ఎమిలియన్ కాస్తేరా